పక్క సీటు గోపమ్మ

కల్వకుర్తి జీపుల అడ్డా మీద రాములు ముప్పై ఏళ్లు జీపు నడిపాడని అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. స్టీరింగు పట్టుకున్నది అతనే, గేర్లు మార్చింది అతనే, దిగాక మీసం దువ్వుకున్నదీ అతనే. తోవ చూసింది మాత్రం అతని భార్య గోపమ్మ. ఈ సంగతి ఆ జీపు ఎక్కిన ప్రతి మనిషికీ తెలుసు. ఒక్క రాములే తెలియనట్టు ఉండేవాడు.

రాములుకు మాటల జబ్బు. బండి కదిలిందంటే అతని మెడ వెనక్కి తిరిగేది. ఎవరి బిడ్డ పెండ్లి ఎక్కడిదాకా వచ్చింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం లేదు, అన్నీ అతనికే కావాలి. ముందు అద్దంలో బర్రె కనబడుతుంటే అతను వెనక్కి తిరిగి ఎవరినో బర్రెల ధర అడుగుతుండేవాడు.

జీపు తెచ్చిన మొదటి వారంలోనే గోపమ్మకు విషయం అర్థమైంది. కిరాయి వసూలు చేస్తానని చెప్పి పక్క సీట్లో ఎక్కి కూచుంది. ఎక్కినామె మళ్లీ ముప్పై ఏళ్లకు గానీ దిగలేదు.

"మోరి ఉన్నది, మెల్లగ."

"మేకలు. ఎడమ దిక్కు ఎక్కువున్నయి, కుడికి కొట్టు."

"ముంగల మలుపు. గీ టైముకు అటుకెల్లి బస్సొస్తది, జర ఆగు."

ఇట్లా చెప్తూనే కిరాయి తీసుకునేది, చెప్తూనే చిల్లర ఇచ్చేది, చెప్తూనే ఒళ్లో పిల్లను జోకొట్టేది. రాములు మెడ వెనక్కే ఉండేది. చేతులు మాత్రం ఆమె మాట వెంట తిరిగేవి. "రాములు జీపుకు హారన్ ఎందుకు, గోపమ్మ ఉన్నదిగా" అని ఎవరైనా నవ్వితే, ఆ నవ్వినవాణ్ణి టైరు మీది సీట్లోకి జరిపేది. అక్కడ కూచున్నవాడి నడుము ఊరు వచ్చేసరికి రెండు ముక్కలయ్యేది.

ఆ జీపుకు ముప్పై ఏళ్లలో ఒక్క ప్రమాదం లేదు. ఇప్పుడది ఇంటి ముందు నిలబడి ఉంది. పక్క సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

మొన్నటి ఎండాకాలం అడ్డా డ్రైవర్ల సంఘానికి హఠాత్తుగా రాములు గుర్తుకొచ్చాడు. ఆదివారం సభ పెట్టి అతనికి శాలువా కప్పాలని తీర్మానం చేశారు. సంఘం పెద్ద బుచ్చయ్య బుధవారం నాడు వచ్చి, గడపలోనే ఫోను తీసి ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. పైన "ప్రమాదమెరుగని సారథి" అని రాసి ఉంది. గోపమ్మ చదివింది రెండో తరగతే అయినా, కూడబలుక్కుని అంతా చదివింది. కింద నల్లద్దాలు పెట్టుకుని, బానెట్ మీద చెయ్యి వేసి రాములు. వెనక జీపు. జీపు కిటికీలో మనిషి లేదు గానీ, కిటికీ అంచు మీద నాలుగు గాజులున్న మోచెయ్యి ఒకటి మిగిలి ఉంది.

"గా మోచెయ్యి ఎవరిది బుచ్చయ్యా?" అని అడిగింది గోపమ్మ.

"ఎవరో ప్యాసింజర్‌ది కావచ్చు వదినా. కత్తిరించేటప్పుడు మిగిలినట్టుంది."

"మనిషిని కత్తిరించి మోచెయ్యి ఉంచిన్రా? మీ సంఘానికి మంచి చేతులున్నయి."

బుచ్చయ్య టీ కూడా తాగకుండా లేచిపోయాడు. గోపమ్మ మొగుడి వంక చూసింది. అతను తన ఫోనుకు వచ్చిన ఆ బొమ్మలో మీసాన్ని పెద్దది చేసి చూసుకుంటున్నాడు.

"నన్నెందుకు తీసేసిన్రు?"

"డ్రైవర్‌కు చేస్తున్రు సన్మానం. నువ్వు డ్రైవర్‌వా?"

"నేను చెప్పకుంటె నువ్వు నడిపేటోనివా?"

"ఊకె ఒర్రుకుంట కూసున్నవ్. నా చేతులకు తోవ ఎర్కే."

ఆ మాట గోపమ్మకు నాటుకుంది. శాలువా మీద ఆమెకు ఆశ లేదు. మే నెలలో శాలువా కప్పుకునే పిచ్చివాడెవడు? కానీ ఆదివారం నాడు ఆ ఫ్లెక్సీ అడ్డా మీద ఎక్కితే, ముప్పై ఏళ్లు తన గొంతు చేసిన పని ఉత్త అరుపే, ఒర్రుడే అని ఊరంతటికీ ఖాయమైపోతుంది. ఆ లోపల అతని నోటితోనే నిజం రావాలి. ఎట్లా వస్తుందో మాత్రం ఆమెకు తోచలేదు.

గురువారం పొద్దున మనుమరాలు మనీష హైదరాబాదు నుంచి రెండు అట్టపెట్టెలు మోసుకొచ్చింది. మనీష అక్కడ నలుగురు దోస్తులతో కలిసి కంప్యూటర్ ఆటలు తయారు చేస్తుంది. "ఆడొద్దని కదనే బడికి తోలింది" అని గోపమ్మ రెండేళ్లుగా అడుగుతూనే ఉంది, మనీష నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు చేస్తున్నది ర్యాలీ కార్ల ఆట. మట్టి రోడ్ల మీద ఒక్కొక్క కారూ విడిగా పోతుంది, ఎవరు తొందరగా చేరితే వారు గెలుస్తారు. ఇటు కల్వకుర్తి, అటు దేవరకొండ తోవల ఫోటోలు తీసుకుపోయి ఒక రోడ్డు చేశారు. ఆట ఇంకా సగమే అయింది. అసలు ఇట్లాంటి తోవల మీద బండి నడిపినవాళ్లు చూసి, ఏం తక్కువైందో చెప్పాలి. ఒకరు మొదటి నుంచి చివరిదాకా కారు పడకుండా నడిపితే, ఆ వీడియో సోమవారం తమకు డబ్బు పెట్టే పెద్దాయనకు చూపించాలి.

"నడిపేటోడు మీ తాతనే కదనే" అన్నాడు రాములు, అప్పుడే శాలువా కప్పినట్టు.

కోడలి కుట్టుమిషిన్ బల్లకు మనీష ఒక స్టీరింగు బిగించింది, కింద పెడళ్లు పెట్టింది. తర్వాత రాములు కండ్లకు నల్లటి డబ్బా ఒకటి కట్టింది, చెవులకు మూతలు పెట్టింది. గానుగెద్దుకు కట్టే గంతలకూ దానికీ గోపమ్మకు తేడా కనబడలేదు. రాములుకు గంతల్లో కనబడేదంతా పక్కనున్న లాప్‌టాప్‌లో అందరికీ కనబడుతుంది.

రాములు ముందు కాసేపు మెడ అటూ ఇటూ తిప్పి ఆశ్చర్యపోయాడు. "అబ్బో, కారుల ఉన్ననే! ఎన్క సీట్ల ఎవరు లేరేందే?"

"ఇది ర్యాలీ కారు తాతా, ప్యాసింజర్లుండరు."

"మాట్లాడెటోల్లు లేకుంటె బండి ఎందుకు నడుపుడు?" అంటూనే కదిలించాడు.

కారు ఉరికింది. రెండు మలుపులు బాగానే పోయాడు. మూడో దగ్గర రోడ్డుకు ఎడమ సగం మీద పసుపుపచ్చగా, పొడుగ్గా ఏదో పరిచి ఉంది. రాములు వెంటనే వేగం తగ్గించాడు, మర్యాదగా కుడి అంచుకు జరిగాడు. యాసంగి కోతలప్పుడు ఈ దిక్కు సగం రోడ్లు కల్లాలే. వడ్ల మీద టైరు ఎక్కించిన డ్రైవర్ మళ్లీ ఆ ఊళ్లో నీళ్లు అడగలేడు. కానీ ఆటలో కుడి అంచుకు మట్టి లేదు. కారు గాల్లోకి పోయి, పల్టీలు కొట్టి, ఆకాశంలో చక్రాలు తిప్పుతూ నిలబడింది. రాములు బ్రేకు అనుకుని కుట్టుమిషిన్ తొక్కాడు. మిషిన్ పటపటా సగం గజం కుట్టింది.

"తాతా, ఎందుకు పక్కకు పోయినవ్? తోవ సక్కగనే ఉన్నదిగా!"

"వడ్లు పోసిన్రు కనబడ్తలేదా? ఎవని రెక్కల కష్టమో! మీద నుంచి పోవాల్నా?"

"అది ఇసుక తాతా! ఇంకా రంగు సరిగ్గ వెయ్యలే."

లాప్‌టాప్ చూస్తున్న గోపమ్మ అప్పుడు నోరు విప్పింది. "చుట్టు రాళ్లు పెట్టలే, కాపలాకు ముసలోడు లేడు, గవ్వేం వడ్లు? గుడ్డోనికి కూడ ఎర్కయితది."

ఆ తర్వాత తానే కూచుంది. స్టీరింగు వద్దంది, పక్క సీట్లో కూచోబెట్టమంది. మనీష ఏవో మీటలు నొక్కి పక్క సీట్లో కూచోబెట్టింది, కారును తాను నడిపింది.

గంతలు కట్టగానే గోపమ్మ మొదట తన ఒళ్లోకి చూసుకుంది. "నా కాళ్లేవే?"

"ఇంకా చెయ్యలే అవ్వా."

"కాళ్లు చెయ్యకముందే కారు చేసిన్రా? మంచిగున్నది." తల ఎత్తి బయటికి చూసింది. "చెట్లన్ని ఒక్క తల్లి బిడ్డల లెక్కున్నయి. ఇండ్లకు తలుపుల్లేవు, మనుషులు యాడికెల్లి దూరుతరు? అసలు మనుషులేరి? ఊరు ఊరంత పెండ్లికి పోయిందా? గా బర్రె భూమికి జానెడు పైన నిలవడ్డదేందే?"

మనీష ఒక చేత్తో నడుపుతూ ఇంకో చేత్తో పుస్తకంలో రాసుకుంటోంది. కానీ కారు మలుపు తిరిగి కంకర మీద జారినప్పుడు, చక్రాల కింద రాళ్లు పగిలే చప్పుడుకు గోపమ్మ అరికాళ్లు జివ్వుమన్నాయి. ఆ చప్పుడు అచ్చం నిజం. వెనక లేచిన ఎర్ర దుమ్ము చూసి, ముక్కుకు తగలకుండానే దగ్గింది. ఎదురుగా కల్వర్టు, అదే మోరి, దూసుకొచ్చింది. ఎప్పటి అలవాటు కొద్దీ ముందున్న కమ్మిని గట్టిగా పట్టుకోబోయింది. కమ్మి కనబడుతోంది గానీ చేతికి లేదు. గోపమ్మ స్టూలు మీది నుంచి ముందుకు తూలి నేల మీద కూలబడింది. కడుపులో తిప్పింది. నిమ్మకాయ కోసి వాసన చూపించేదాకా గోడకానుకుని కూచుంది.

"బాగలేదా అవ్వా?" అని భయంగా అడిగింది మనీష.

"బాగలేకుంటె వాంతెందుకొస్తది? నిజం బండి లెక్కనే ఉన్నది." నిమ్మకాయ పారేసి అడిగింది, "గాని చెవుల ఒక పోరి అంకెలు చదువుతాంది. ఎవరామె? లెఫ్టు నాలుగు, రైటు రెండు అనుకుంట."

"ఆమె నిజం మనిషి కాదవ్వా, మిషిన్ గొంతు. ర్యాలీల డ్రైవర్ పక్కన ఒకరు కూసోని ముంగల తోవ చెప్తరు. మలుపు ఎంత ఉన్నది, ఎత్తున్నదా, గుంతున్నదా అని. వాళ్లు చెప్పంది డ్రైవర్ ఒక్క అడుగు పోలేడు. వాళ్లను కో-డ్రైవర్ అంటరు."

గోపమ్మ లేచి నిటారుగా కూచుంది. "గదొక పనా? దానికి పేరు సుత ఉన్నదా?"

"ఉన్నది. గెలిస్తే ఇద్దరికీ కప్పిస్తరు. కారు మీద ఇద్దరి పేర్లు రాస్తరు."

గోపమ్మ మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచనప్పుడే ఆమెకు భయపడాలని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇన్నవా? ఇద్దరి పేర్లు రాస్తరట."

"అది ఫారిన్ల" అన్నాడు రాములు. "వాళ్లకు తోవలు ఎర్కలేక. నాకెందుకు?"

"సరే. నీకు ఎర్కుంటె నువ్వే పో. నా నోరు నేను కట్టేసుకున్న. ఇగ నేను తోవ చెప్పను."

చెప్పలేదు. ఆ రోజు, మర్నాడు శుక్రవారం, రాములు పన్నెండు సార్లు కారెక్కాడు, పన్నెండు సార్లు పడేశాడు. మిషిన్ పిల్ల తన మానాన తాను అంకెలు చదివేది. ఆమె లెఫ్టు మూడు అని చదివి ముగించేలోపు ఈయన చెట్టును గుద్దేవాడు. ఒకసారి గోడకు, ఒకసారి తలుపులేని ఇంటికి, రెండుసార్లు జానెడు పైన నిలబడ్డ బర్రెకు. గోపమ్మ పక్కనే కూచుని చిక్కుళ్లు గిల్లుతూ లాప్‌టాప్ చూసేది. మలుపు వచ్చే ముందు ఆమె పెదవులు కదిలేవి. పళ్లు బిగబట్టి ఊరుకునేది. రాములు చెవి మూత కొంచెం జరిపి ఆమె వైపు చెవి తిప్పేవాడు. చిక్కుడు గింజ గిన్నెలో పడ్డ చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు.

శుక్రవారం సాయంత్రం అడ్డా మీద టీ తాగుతూ, నోరూరుకోక, తన మనుమరాలి ఆటలో తనను మించినవాడు లేడని చెప్పి వచ్చాడు. "రేపు పొద్దుమూకి రాండ్రి, చూపిస్త" అన్నాడు.

అడ్డా మనుషులకు పనేముంది? శనివారం పొద్దుమూకేదాకా ఎందుకని మధ్యాహ్నం అన్నం తిని లేస్తూనే వచ్చారు. బుచ్చయ్య ముందు, వెనక జానయ్య, బీరప్ప, ఇంకో ఆరుగురు. గోపమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది. లోపల రాములు గంతలు కట్టుకుని, చెవులు మూసుకుని, చెమటలు కక్కుతూ స్టీరింగు తిప్పుతున్నాడు. ఆమె వేలు పెదవి మీద పెట్టి, "సప్పుడు చెయ్యకుండ్రి, ఆట చెడుతది" అని చెప్పి అందరినీ గోడ పొడుగునా చాప మీద కూచోబెట్టింది. కోడలు సుమన కిలుక్కుమనకుండా టీలు ఇచ్చింది. తొమ్మిది మంది మగవాళ్లు టీ చప్పరించకుండా తాగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

లాప్‌టాప్‌లో ఎర్ర కారు మళ్లీ బర్రెను గుద్ది బోర్లా పడింది. రాములు స్టీరింగు వదిలేశాడు. గంతలు విప్పలేదు, తల ఊరికే అటూ ఇటూ తిప్పాడు.

"మనీషా. మీ అవ్వ ఇంట్ల ఉన్నదా?"

మనీష గోపమ్మ వంక చూసింది. గోపమ్మ చాప వైపు చెయ్యి చూపి, లేనని తల ఊపింది. మనీషకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చాయి. తాత చెవి మూత ఒకటి ఎత్తి, "లేదు తాతా, దుకానానికి పోయింది" అంది.

"మంచిదాయె. జర ఇటు రా. నీ ఒక్కదానికే చెప్తున్న, బయట అనకు." గొంతు తగ్గించాడు. ఒక చెవి మూసుకున్న మనిషి గొంతు తగ్గిస్తే వీధి చివరిదాకా వినబడుతుంది. "గా అంకెల పోరితోని నాకు కాదు బిడ్డా. నేను ఏనాడు తోవ చూసి నడపలే."

చాప మీద ఎవరికో టీ గొంతులో అడ్డం పడింది. పక్కవాడు వాడి నోరు మూశాడు.

"మల్లెట్ల నడిపినవ్ తాతా?"

"చెవులతోని. మీ అవ్వ మోరి అంటె మోరి, మేకలంటె మేకలు. నా చెయ్యి దానంతట అదే తిరిగేది. ఆమె గొంతుల ఎంత బిర్రు ఉంటె అంత పెద్ద మలుపు. నాకు గంతే ఎర్క. నీ చిన్న మేనత్త పుట్టినప్పుడు ఆమె నాలుగొద్దులు దవాఖానల ఉన్నది. మూడొద్దులు జొరమని చెప్పి పండుకున్న. నాలుగో నాడు ఇజ్జత్ పోతదని బండి తీసిన. బుచ్చయ్య పత్తి కుప్ప లేదూ? నడి కుప్పల పెట్టిన బండి. మెత్తగున్నది కాబట్టి బతికిన. రాత్రి గాలికి చెదిరిందని చెప్పిన వానికి."

పక్కింటి మనిషి పదేళ్ల కింద తన కోడిని తిన్నాడని ఇవాళ తెలిస్తే ఎట్లా ఉంటుందో, బుచ్చయ్య మొహం అట్లా అయింది. గోపమ్మ మాత్రం కదల్లేదు. పత్తి సంగతి ఆమెకు అప్పుడే తెలుసు. బానెట్ సందుల్లోంచి దూది పీకింది ఆమే కదా. ఆమె ఎదురుచూస్తున్నది దూది కోసం కాదు.

"అయితే అవ్వకు చెప్పొచ్చు కద తాతా?"

"ఎట్ల చెప్తనే? ముప్పై ఏండ్లు మీసం మెలేసి తిరిగిన. ఇప్పుడు చెప్తే ఆమె ముంగట తల ఎత్తాల్నా వద్దా? నువ్వే ఆమెను పిలువు. నేనన్నట్టు కాకుండ, నీ ఆటకని చెప్పు. వచ్చి పక్కన కూసోమను. ఆమె లేకుంటె నేను ఉట్టి స్టీరింగునే బిడ్డా."

బుచ్చయ్య ఇక ఆగలేకపోయాడు. "నా పత్తి కుప్పరా రాములూ!" అని కేకవేశాడు.

రాములు గంతలు లాగేశాడు. వెలుతురుకు కండ్లు చిట్లించి చూశాడు. ఎదురుగా గోడ పొడుగునా అడ్డా అడ్డానే కూచుని ఉంది. తొమ్మిది గ్లాసులు, తొమ్మిది నోళ్లు, చివరన చిక్కుళ్ల గిన్నెతో గోపమ్మ. అతను గంతలు మళ్లీ పెట్టుకోబోయాడు. మనీష లాక్కుంది.

నవ్వులు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. బీరప్ప కడుపు పట్టుకుని వాకిట్లోకి పోయి నవ్వి వచ్చాడు. జానయ్య తువాలతో కండ్లు తుడుచుకుని అడిగాడు, "ఇగ రేపు శాలువా ఎవరికి కప్పాలె బుచ్చన్నా?"

"శాలువా ఆయనకే కప్పుండ్రి, చెమటకు మంచిగుంటది" అంది గోపమ్మ. "నాకు ఫ్లెక్సీల జాగా కావాలె. మోచెయ్యి కాదు, మనిషి మొత్తం. కింద పేరు."

"అచ్చయిపోయిందే" అని గొణిగాడు రాములు.

"ఇంకోటి కొట్టియ్. నువ్వే చెప్పాలె, నీ నోటితోనే."

బుచ్చయ్య ఫోనులో ఫ్లెక్సీల దుకాణం నంబరు కలిపి, స్పీకర్ పెట్టి రాములు చేతిలో పెట్టాడు. పత్తి కోపం కూడా ఉంది కాబట్టి కొంచెం గట్టిగానే పెట్టాడు.

"ఆ... నేను రాములును. గా ఫ్లెక్సీల ఇంకొకరి ఫోటో పెట్టాలె. మా... మా ఇంటామెది. జీపుల కూసున్నది, ఫుల్ ఫోటో బుచ్చయ్య పంపుతడు."

"సరే కాకా. పేరేం రాయాలె?"

రాములు ఆగాడు. నలభై ఏడేళ్ల కాపురంలో అతను భార్యను పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమే అన్నాడు, ఓయ్ అన్నాడు, ఇగో అన్నాడు, పిల్లలు పుట్టాక పిల్లల పేరుతో పిలిచాడు. ఓట్ల జాబితా రాసేవాళ్లు అడిగితే కూడా కొడుకును చెప్పమనేవాడు. ఇప్పుడు కొడుకు ఇంట్లో లేడు. బుచ్చయ్య వంక చూశాడు, బుచ్చయ్య పైకప్పు చూశాడు. మనీష వంక చూశాడు, మనీష పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు నటించింది.

"కాకా, ఉన్నవా? పేరు చెప్పు."

"గోపమ్మ" అన్నాడు రాములు, మీసంలోకి.

"ఏందీ? ఇనవడ్తలే."

"జర గట్టిగ చెప్పు" అంది గోపమ్మ. "పాపం ఆయనకు సిగ్నల్ లేదట."

"గోపమ్మ! గోపమ్మ! నా జీపుకు తోవ చెప్పినామె, గోపమ్మ అని రాయ్! సాల్నా?"

ఆ కేకకు ఇంటి ముందు జీపులోని కోడి ఒకటి దిగి పారిపోయింది. దుకాణం అతను సరే అని ఫోను పెట్టేశాడు. రాములు మొహం ఎర్రబడింది. గోపమ్మ చిక్కుళ్ల గిన్నె కోడలి చేతికిచ్చింది. స్టూలు జరుపుకుని కుట్టుమిషిన్ పక్కన, ఎడమ దిక్కు కూచుంది. కొంగు నడుముకు చుట్టింది.

"మనీషా, మీ తాతకు గంతలు కట్టు. గట్లనే గా అంకెలు చదివే పోరిని పక్క సీట్లకెల్లి దిగుమను. కిరాయి అడగం తియ్యి."